సత్యవేడు నుంచి పది రోజుల రైలు యాత్ర: పరుగులు లేకుండా ఎలా వేసుకోవాలి?

సత్యవేడుకు రైలు లేదు. రైలెక్కాలంటే శ్రీసిటీ మీదుగా తడకో, నాగలాపురం మీదుగా పుత్తూరుకో, లేదంటే ఊత్తుకోట దారిన నేరుగా చెన్నైకో పోవాలి. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పిడిలో చిత్తూరు జిల్లాకు వచ్చింది, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసింది. జిల్లాలు మారినా ఇక్కడి కుటుంబాల ప్రయాణాలు పెద్దగా మారలేదు. ఆస్పత్రికని చెన్నై, నికాహ్‌కని ఏదో ఒక బంధువుల ఊరు, మయ్యత్‌కని అర్ధరాత్రి కారు. ఊరు చూడటానికని, ఊరికే నాలుగు రోజులు తిరిగి రావడానికని బయలుదేరిన కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బయలుదేరినవాళ్లు కూడా తరచూ అలసిపోయే తిరిగొస్తారు. ఐదు రోజుల్లో ఏడు ఊళ్లు పెట్టుకుంటారు. రాత్రి రైలు, పొద్దున దిగి చూడటం, మళ్లీ రాత్రి రైలు. మగవాళ్లకు అది ఎలా ఉన్నా, ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం సెలవు కాదు. రెండు రోజుల ముందు నుంచి వంటలు, మూటలు. దారిలో పిల్లల బట్టలు, పెద్దల మందులు. తిరిగొచ్చాక గుట్టెడు ఉతుకు. మోకాళ్ల నొప్పులున్న నానీని ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి మెట్ల మీద నడిపించిన తరువాత ఆమె ‘ఇంక నేను రాను, మీరే పోయిరండి’ అనేస్తుంది. ఆ మాట వచ్చిందంటే ప్రయాణం వేసుకున్న తీరులోనే ఏదో తప్పుందని అర్థం.

తీరిగ్గా తిరగడానికి పెద్ద సూత్రాలేమీ అక్కర్లేదు. రోజుకు ఒక్క రైలు మించి ఎక్కకూడదు. వీలైనంత వరకు పగటి రైలే పట్టుకోవాలి. ఎక్కువ ఊళ్లలో రెండు రాత్రులైనా ఉండాలి. ఈ మూడూ పాటిస్తే చూసే ఊళ్లు తగ్గుతాయి, కానీ చూసినవి గుర్తుంటాయి. కిటికీ పక్క నుంచి పోయే పొలాలు, వాగులు, స్టేషన్లలో దొరికే తాటిముంజలు, రేగుపళ్లు కూడా సెలవులో భాగమే అవుతాయి.

ఒక దారి: రేణిగుంట నుంచి రేణిగుంటకే

సత్యవేడు వైపు కుటుంబాలకు బాగా సరిపోయే చుట్టు దారి ఒకటుంది. రేణిగుంటలో బయలుదేరి కడప, గుత్తి, కర్నూలు మీదుగా హైదరాబాదు. అక్కడి నుంచి కాజీపేట, విజయవాడ మీదుగా బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు. గూడూరు నుంచి వెంకటగిరి, శ్రీకాళహస్తి దాటి మళ్లీ రేణిగుంట. కొండలు, కోటలు, మహానగరం, డెల్టా వరిచేలు, సముద్రం అన్నీ ఒకే చుట్టులో వస్తాయి. వెళ్లిన దారినే తిరిగి రావక్కర్లేదు.

ఇలాంటి చుట్టు ప్రయాణాల కోసమే రైల్వేలో సర్క్యులర్ జర్నీ టికెట్ అనేది ఉంది. చాలామందికి దీని సంగతే తెలియదు. బయలుదేరిన స్టేషనులోనే ముగిసే ప్రయాణానికి ఇది ఇస్తారు. మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగి ఆగొచ్చు. రైలు చార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది. విడివిడిగా ఐదారు చిన్న టికెట్లు కొంటే ఆ తగ్గింపు దక్కదు. సర్క్యులర్ టికెట్‌లో మొత్తం దూరాన్ని రెండు సగాలుగా తీసుకుని చార్జీ వేస్తారు కాబట్టి కలిసొస్తుంది. ఇది ఫోనులో దొరికే టికెట్ కాదు. ఆగే ఊళ్లు, తేదీలు తెల్లకాగితం మీద రాసుకుని పెద్ద స్టేషనులో కమర్షియల్ అధికారులను కలవాలి. దారిని డివిజన్ కార్యాలయం ఖరారు చేయాల్సి ఉంటుంది. రేణిగుంట గుంతకల్లు డివిజన్ కిందికి వస్తుంది. టికెట్ చేతికొచ్చాక ఒక్కో మజిలీకి రిజర్వేషన్ కౌంటరులో బెర్తులు వేయించుకోవాలి. పని కాస్త ఎక్కువే. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికైతే ఆ తిరుగుడుకు ఫలితం ఉంటుంది. ఇద్దరే పోతుంటే మామూలు టికెట్లే మేలు.

మామూలు టికెట్ మీద కూడా మధ్యలో దిగే వీలుంది, కానీ 500 కిలోమీటర్లు దాటిన టికెట్టై ఉండాలి. మొదటి 500 కిలోమీటర్లు పోయిన తరువాతే దిగాలి. వెయ్యి కిలోమీటర్ల దాకా ఒక్కసారి, ఆ పైన రెండుసార్లు, ఒక్కో చోట రెండు రోజులు. రాజధాని, శతాబ్ది, జన శతాబ్ది రైళ్లకు ఇది వర్తించదు.

సోమవారం బయలుదేరితే ఎందుకు మంచిది

ఈ చుట్టుకు తొమ్మిది రాత్రులు చాలు. సోమవారం పొద్దున రేణిగుంటలో ఎక్కితే మధ్యాహ్నానికల్లా కడప. సోమ, మంగళ రాత్రులు అక్కడే. మొదటిరోజు సాయంత్రం పెద్ద దర్గా వైపు పోవచ్చు, లేదంటే గదిలోనే పడుకోవచ్చు. మంగళవారం గండికోట. కడప నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి కోట. పెన్నా నది కొండను నిలువునా కోసుకుని పారే లోయ అంచున కోట, అందులోనే జామియా మసీదు, కాస్త దూరంలో మాధవరాయ గుడి. లోయ అంచుకు అన్నిచోట్లా కంచె ఉండదు, చిన్న పిల్లల చెయ్యి వదలకూడదు. ఎండ ముదరకముందే చేరుకుని, మధ్యాహ్నానికి దిగొచ్చేయడం మంచిది.

బుధవారం కర్నూలు. ఒక్క రాత్రి చాలు. ఊరి నడుమ కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. ఈ రెండో కట్టడాన్ని కర్నూలు పోయినవాళ్లలో చాలామంది చూడనే చూడరు. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల తరఫున ఇక్కడ పాలించిన వ్యక్తి సమాధి అది. బీజాపూరు గోల్ గుంబజ్ చూడనివాళ్లకు ఆ తరహా గుమ్మటం ఎలా ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది.

గురువారం కాచిగూడ. 1916లో నిజాం కాలంలో కట్టిన స్టేషను అది. దిగగానే గబగబా ఆటో కోసం పరుగెత్తకుండా బయట నిలబడి ఒకసారి దాని ముఖద్వారం వైపు చూస్తే హైదరాబాదు అక్కడే మొదలవుతుంది. మూడు రాత్రులు ఇక్కడ. సోమవారం బయలుదేరాలనడానికి అసలు కారణం ఇదే: జుమా హైదరాబాదులో పడుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. తెలియక శుక్రవారం ఒక్కరోజే పెట్టుకుని పోయి, మూసిన గేట్లు చూసి వచ్చిన కుటుంబాలు ఎన్నో. కాబట్టి శుక్రవారం మక్కా మసీదులో జుమా, ఆ తరువాత చార్మినార్, లాడ్ బజార్. శనివారం మ్యూజియం, ప్యాలెస్. మ్యూజియంలో గంట కొట్టడానికి గడియారంలోంచి బొమ్మ బయటికి వచ్చే వేళకు పిల్లలంతా ముందే చేరి కూర్చుంటారు. గంటకు పది నిమిషాల ముందు పోతే చోటు దొరుకుతుంది. గోల్కొండను ఇందులో ఇరికించాలంటే పెద్దవాళ్లను గదిలో వదిలి పోవడమే నయం. ఆ మెట్లు మోకాళ్లకు పడవు.

ఆదివారం పొద్దున సికింద్రాబాదులో ఎక్కి సాయంత్రానికి బాపట్ల. ఈ చుట్టులో ఇదే అన్నిటికన్నా పొడవైన రోజు, 400 కిలోమీటర్ల పైమాటే. కాజీపేట దాటాక అడవి, ఖమ్మం, విజయవాడ దగ్గర కృష్ణ వంతెన, ఆ తరువాత తెనాలి వైపు పచ్చటి డెల్టా. రాయలసీమ పిల్లలకు అంత నీరు, అంత పచ్చదనం ఒకేచోట కనిపించడం కొత్తే. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక తీరం. ఆదివారం అక్కడ జనం తిరునాళ్లలా ఉంటారు కాబట్టి ఆ పూట గదిలోనే ఆగి, సోమవారం పొద్దున పోతే తీరమంతా దాదాపు ఖాళీగా దొరుకుతుంది. బురఖాలో ఉన్న ఆడవాళ్లు కూడా ఎవరి చూపుల బాధ లేకుండా నీళ్లల్లో పాదాలు తడుపుకోవచ్చు. పాదాల దాకానే. సూర్యలంకలోనూ, చీరాల దగ్గరి వాడరేవులోనూ కెరటాలు లోపలికి లాగేసిన వార్తలు తరచూ వస్తుంటాయి. ఈత వచ్చినవాళ్లు కూడా మోకాలి లోతు దాటకపోవడం మంచిది.

మంగళవారం నెల్లూరు, బుధవారం ఇల్లు. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా ఉంది. ముహర్రంలో ఇక్కడ జరిగే రొట్టెల పండుగకు హిందువులు, ముస్లింలు ఇద్దరూ వస్తారు. ఆ రోజుల్లో ఊళ్లో గదీ దొరకదు, రైల్లో బెర్తూ దొరకదు. పండుగ కోసమే పోయేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ వారం ఈ యాత్ర పెట్టుకోకూడదు.

ఎప్పుడు పోవాలి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా బడి సెలవులు ఉంటాయి, కానీ ఆ నెలల్లో కడప, కర్నూలు, విజయవాడ ఎండలు పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ప్రమాదం. పైగా హిజ్రీ సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది, కొన్నేళ్ల పాటు అది వేసవి సెలవుల్లోనే పడుతుంది. ఖుర్బానీ ఇంటి దగ్గర చేసుకోవాలనుకునే కుటుంబం ఆ తేదీ చూడకుండా టికెట్లు తీయకూడదు.

దసరా సెలవులు, సంక్రాంతి తరువాతి వారాలు హాయి. నవంబరు, డిసెంబరు మాత్రం నమ్మలేం. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వరదలో కడప దారి రైళ్లు ఆగాయి, ఆ వెంటనే నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాలు దెబ్బతిని కోస్తా దారీ ఆగింది. అంటే ఈ చుట్టులోని రెండు వైపులూ ఒకే వారంలో మూతపడ్డాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి కాజీపేట, విజయవాడ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. అందుకే తిరిగొచ్చిన మర్నాడే బడి, ఉద్యోగం ఉండేలా తేదీలు పెట్టుకోకూడదు. చివర ఒక్క రోజు ఖాళీగా వదలాలి. వాన లేకపోతే ఆ రోజు ఇంట్లో నిద్రకు పనికొస్తుంది.

టికెట్ల దగ్గర జరిగే పొరపాట్లు

2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. అంతకుముందు 120 రోజులు ఉండేది. తత్కాల్ అయితే ముందురోజు పది గంటలకు ఏసీ, పదకొండుకు స్లీపర్. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధృవీకరణ ఉన్న ఖాతా కావాలి. ఈ పని ప్రయాణానికి నెల ముందే చేసి పెట్టుకోవాలి, చివరి నిమిషంలో ఓటీపీ రాక కూర్చుంటే బెర్తులు అయిపోతాయి.

ముస్లిం కుటుంబాల్లో ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్లది. ఆధార్‌లో ‘షేక్’ అని పూర్తిగా, బడి సర్టిఫికెట్‌లో ‘ఎస్.కె.’ అని, టికెట్‌లో ఇంటిపేరు వదిలేసి వట్టి ‘ఖాదర్ బాషా’ అని. ‘బేగం’, ‘బీ’ ఒకచోట ఉంటాయి, ఇంకోచోట ఉండవు. టికెట్ మీద పేరు, చేతిలో ఉన్న గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి. టికెట్ తీసే పని పక్కింటి కుర్రాడికి ఫోనులో పేర్లు చెప్పి అప్పగించకుండా, అందరి కార్డుల ఫోటోలు పంపడం ఉత్తమం. ఒక టికెట్‌లోని ప్రయాణికుల్లో కనీసం ఒకరి దగ్గర అసలు కార్డు ఉండాలి.

అరవై దాటిన మగవాళ్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది. అయితే ఒంటరిగా గానీ ఇద్దరుగా గానీ ఒక టికెట్‌లో ఉంటేనే అది వర్తిస్తుంది. ఆరుగురి పేర్లూ ఒకే టికెట్‌లో పెడితే నానీకి పై బెర్తు వచ్చినా రావచ్చు. దాదీ, నానీలిద్దరికీ విడిగా టికెట్ తీసి, మిగతావాళ్లకు అదే రైల్లో వేరే టికెట్ తీయాలి. పెద్దవాళ్ల చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, అది ఉందనుకుని లెక్కలు వేసుకోకూడదు. అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు బెర్తు లేకుండా సగం చార్జీ, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ.

బస చౌకగా కావాలంటే పెద్ద స్టేషన్లలోని రిటైరింగ్ రూములు చూడొచ్చు. ఖరారైన టికెట్ నంబరుతో ముందే తీసుకోవచ్చు. రాత్రి దిగి ఊళ్లో లాడ్జి వెతుక్కునే బాధ ఉండదు. బంధువుల ఇంట్లో దిగడం ఖర్చు తగ్గిస్తుంది నిజమే, కానీ మూడు రోజులూ దావత్‌లతోనే గడిచిపోయి చార్మినార్ చూడకుండానే తిరిగి రావాల్సి వస్తుంది. ఒక పూట భోజనానికి పోయి, రాత్రికి గదికి వచ్చేయడం ఇద్దరికీ హాయి.

నమాజు, భోజనం

పగటి రైలు ఎంచుకోవడానికి ఇంకో కారణం నమాజు. ఫజర్ చదివి బయలుదేరి మగ్రిబ్ లోపు దిగితే రైల్లో పడేవి జుహర్, అసర్ మాత్రమే. ముసాఫిర్‌గా జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతుల బదులు రెండే. హనఫీ లెక్కలో సుమారు 78 కిలోమీటర్ల పైన ప్రయాణమై, ఒకచోట పదిహేను రోజుల కన్నా తక్కువ ఉండే నియ్యత్ ఉంటే ఖస్ర్ వర్తిస్తుంది. స్థానిక ఇమామ్ వెనుక చదివితే మాత్రం పూర్తిగా నాలుగే చదవాలి. రెండు నమాజులు కలిపి చదవడం, కదిలే రైల్లో కూర్చుని చదవడం వంటి వాటిపై మస్లక్‌ను బట్టి అభిప్రాయాలు వేరు. బయలుదేరే ముందు ఊళ్లో ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోవాలి. ముసాఫిర్‌కు జుమా తప్పనిసరి కాదు, చదివితే ఆ రోజు జుహర్ చదవనక్కర్లేదు.

ఖిబ్లా మన ప్రాంతం నుంచి పడమరకు, కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఈ చుట్టులో విజయవాడ నుంచి గూడూరుకు వచ్చేటప్పుడు రైలు దక్షిణానికి పోతుంది కాబట్టి ఖిబ్లా కుడి చేతి వైపు, సముద్రం ఎడమ చేతి వైపు. ఫోనులో సిగ్నల్ లేకపోయినా ఇది గుర్తుంటే చాలు. వుజూకు లీటరు సీసా ఒకటి విడిగా పెట్టుకోవాలి. వాష్‌బేసిన్ దగ్గర నేలంతా తడిపేస్తే వెనుక వచ్చే ముసలివాళ్లు జారిపడతారు. జానమాజ్ నడవాలో పరిచి దారి మూసేయకుండా, సీట్ల మధ్య పక్కవాళ్లను ఒక మాట అడిగి చదువుకుంటే ఎవరూ కాదనరు. చాలాసార్లు వాళ్లే జరిగి చోటిస్తారు.

తిండికి మొదటి రోజు ఇంటి వంట చాలు. ఖీమా, కూర తీసుకుపోతే మధ్యాహ్నానికల్లా తినేయాలి, ఎండలో ఆరేడు గంటలు దాటితే నమ్మలేం. చపాతీలు, నిమ్మకాయ పులిహోర, వేరుశెనగ చిక్కీ నిలుస్తాయి. రైల్లో కొనేటప్పుడు మాంసం హలాలో కాదో తెలియనప్పుడు శాకాహారంతో సరిపెట్టుకోవడమే తేలిక. పెద్ద స్టేషన్లలో ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్‌లో నచ్చిన హోటలు పేరు చూసి సీటు దగ్గరికే తెప్పించుకోవచ్చు. కడప, కర్నూలు, హైదరాబాదు, నెల్లూరు నాలుగింటిలోనూ హలాల్ భోజనానికి ఇబ్బంది లేదు. బాపట్లలో మాత్రం ముందుగా వాకబు చేసుకోవాలి. పది రోజులకూ కలిపి ఇంటి నుంచే వండి మోసుకుపోవాలనే పట్టుదల వదిలేస్తే అమ్మీకి కూడా సెలవు దొరుకుతుంది. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల సామాను ఉచితమే గానీ, అందులో సగమైనా మోసేది ఎవరన్నది ముందే ఆలోచించుకోవాలి.

మొదట ఒక్క రోజు చూసుకోవాలనుకుంటే

పది రోజులంటే భయపడే కుటుంబం ముందు తడ నుంచి మెమూ రైలెక్కి సూళ్లూరుపేట దాకా పోయి రావచ్చు. పులికాట్ సరస్సు దేశంలో చిలికా తరువాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. చలికాలంలో రాజహంసలు అక్కడికి, గూడబాతులు నేలపట్టు చెరువుకు వస్తాయి. పిల్లలకు రైలు, పక్షులు, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం, సాయంత్రానికి ఇల్లు. నానీ ఎంత దూరం నడవగలదో, చిన్నవాడికి రైలు పడుతుందో లేదో, మూటలు ఎన్ని అక్కర్లేకుండా తెచ్చారో ఆ ఒక్క రోజులో తేలిపోతుంది. పెద్ద యాత్రకు తేదీలు ఆ తరువాత రాసుకోవచ్చు. దారిలో రైలు ఆలస్యమైనా, ఒంట్లో బాగోలేకపోయినా, ఎవరైనా ఇబ్బంది పెట్టినా ఫోను చేయాల్సిన రైల్వే నంబరు 139. దాన్ని ఆడవాళ్ల ఫోన్లలో కూడా వేసి పెట్టాలి.